జాకీ మొగిలి, అత్తగారి దూలం

రేగొండ మండలంలో మొగిలి ఎవరని అడిగితే నలుగురిని చూపిస్తారు. జాకీ మొగిలి అంటే మాత్రం ఒక్కడే. మనిషి పొట్టి, భుజాలు వెడల్పు. కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడో జాకీ కింద నలిగి రాలిపోయింది, మళ్లీ రాలేదు. ఒరిగిపోయిన పాత ఇళ్లను లేపి నిలబెట్టడం అతని పని. కూలగొట్టేవాళ్లు ఎంతమందైనా దొరుకుతారు. కూలకుండా ఆపే మనిషి కావాలంటే జనగామ నుంచైనా, మానుకోట నుంచైనా అతనికే ఫోన్ చేయాలి.

పాత ఇల్లు అంటే చాలామంది మట్టి గోడల ఇల్లు అనుకుంటారు. చూడటానికి అంతే. కానీ అది కర్ర ఇల్లు. కట్టేటప్పుడు మొదట మొగురాలు, అంటే కర్ర స్తంభాలు, నిలబెడతారు. వాటి నెత్తిన దూలాలు, దూలాల మీద వాసాలు, వాసాల మీద గూన పెంకులు. కప్పు పూర్తయి నీడ వచ్చాక, ఆ నీడలో కూర్చుని తీరిగ్గా గోడలు పెడతారు. మొగురం గోడలో కలిసిపోతుంది, సున్నం పడుతుంది, ఇరవై ఏళ్లకు లోపల కర్ర ఉందన్న సంగతే ఇంటివాళ్లు మరిచిపోతారు. చెదలు మాత్రం మరిచిపోవు.

మొగిలి ఈ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఎనిమిదో తరగతితో బడి ఆగింది. పద్దెనిమిదేళ్లకు భూపాలపల్లి దిక్కు కలప లారీల మీద కూలీగా ఎక్కాడు. ఒకసారి దుంగలతో ఉన్న లారీ వెనక్కి వస్తూ ఒక ఇంటి వసారా మొగురాన్ని గుద్దింది. మొగురం విరిగి పడింది. పైన దూలం గాలిలో వేలాడుతోంది. ఇంటాయన గొడ్డలి పట్టుకుని బయటికి వచ్చాడు. డ్రైవర్ చేనుకు అడ్డంపడి పరుగెత్తాడు. మొగిలి మాత్రం లారీ జాకీ దించి, దాని కింద రెండు మొద్దులు పేర్చి, దూలానికి ఆనించి తిప్పాడు. దూలం మెల్లగా తన ఎత్తుకు వచ్చింది. ఇంటాయన గొడ్డలి దించి తల పైకెత్తి చూశాడు.

"ఇంకింత లేపరాదు. మా నాయిన ఉన్నప్పటి సంది అది జర కిందికే ఉండె" అన్నాడు.

ఆ జాకీ అక్కడే ఉండిపోయింది. తర్వాతి ఆదివారం మొగిలి మద్ది కర్ర ఒకటి చెక్కుకుని పోయి, మొగురం నిలబెట్టి జాకీ తెచ్చుకున్నాడు. అదే మొదటి ఇల్లు.

రెండో ఇల్లు పాలకుర్తి దగ్గర. అక్కడ పెద్ద పొరపాటు చేయబోయాడు. కప్పు ఒరిగిందని గోడకు ఇవతల నుంచి, అవతల నుంచి ఆసరాగా కర్ర పోట్లు పెట్టడం మొదలుపెట్టాడు. ఆ ఊరి ముసలి వడ్రంగి కట్టయ్య పొద్దంతా అరుగు మీద కూర్చుని చూశాడు. సాయంత్రం లేచి, గడ్డపార తీసుకుని, గోడకు మేక దూరేంత రంధ్రం పొడిచాడు. మొగిలి గబుక్కున పక్కకు దూకాడు. కప్పు మాత్రం కదల్లేదు.

"గోడ అంగీ అసొంటిది. అంగీ పట్టుకోని లేపితె మనిషి లేస్తడా?" అని గడ్డపార పక్కన పడేసి పోయాడు కట్టయ్య. ఆయన నేర్పింది అంత మాత్రమే. అది చాలింది.

ముప్పై ఏళ్లలో అరవైకి పైగా ఇళ్లు లేపాడు. అతనికి ఒక పద్ధతి ఉంది. దూలాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా గీకి, మసి, సున్నం తీసి చూడనిదే జాకీ పెట్టడు. ఇంటివాళ్లు ఎంత తొందరపెట్టినా సరే. ఆ పద్ధతి ఒక్కసారే తప్పాడు. అదీ అత్తగారింట్లో.

మొగిలి భార్య రాధమ్మది గూడూరు అవతల, అడవి అంచున ఉన్న ఒక పల్లె. ఆమె తల్లి ఉప్పలమ్మకు మూడెకరాల పత్తి చేను, ఒక బర్రె, పన్నెండు మొగురాల పెంకుటిల్లు ఉన్నాయి. చిన్నకూతురు సంగీత గూడూరు దవాఖానలో నర్సు, తల్లితోనే ఉంటుంది. ఇంటి నడుమ భవంతి, అంటే కప్పు లేని చదరం. దాని చుట్టూ నాలుగు మొగురాలు. రోడ్డు వైపు పెద్ద అర్ర, ముందు గది. ఆ అర్రను దాటుతూ ఇరవై నాలుగు అడుగుల దూలం. ఒక్క మాను నుంచి తీసిన దూలమని ఆ కుటుంబానికి పేరు. మొగిలి తండ్రి పిల్లను చూడటానికి వచ్చినప్పుడు పిల్లకంటే ఎక్కువసేపు దూలాన్నే చూశాడని రాధమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఇక ఉప్పలమ్మ సంగతి. పల్లెల్లో పాతకాలపు అత్తలు అల్లుడితో సూటిగా మాట్లాడరు. ఎదురుగా కూర్చోరు. చెప్పవలసింది మూడో మనిషికి చెబుతారు, అల్లుడికి వినబడేంత గట్టిగా. ఇప్పుడు చాలామంది వదిలేశారు. ఉప్పలమ్మ వదల్లేదు. పెళ్లయి ఇరవై రెండేళ్లు. అన్నేళ్లలో ఆమె అల్లుడితో ఒక్క మాట నేరుగా అనలేదు. రాధమ్మ ఉంటే రాధమ్మతో, సంగీత ఉంటే సంగీతతో. ఎవరూ లేకపోతే బర్రెతో.

"ఏమే బర్రె, ఉట్టి మీద పెరుగున్నది. వేసుకోనోళ్లకు నేనేం జెయ్యాలె?"

మొగిలి కంచం ముందు కూర్చుని బర్రె వైపు తిరిగి, "వేసుకున్ననని చెప్పవే" అనేవాడు.

ఆమెకు అల్లుడి పని మీద నమ్మకం తక్కువ. "లారీ కింద పెట్టేదాన్ని ఇంటి కింద పెడతరానె రాధా?" అని ఎన్నోసార్లు అడిగింది. తన ఇంటి జోలికి రానివ్వలేదు.

మొన్న మే నెలలో పంచాయతీ కార్యదర్శి సౌందర్య స్కూటీ మీద ఆ ఇంటి ముందు ఆగింది. వానలకు ముందు ఊళ్లో పడిపోయేలా ఉన్న ఇళ్ల పట్టిక రాస్తోంది. ఉప్పలమ్మ ఇంటి రోడ్డు వైపు గోడ నడుమ ఉబ్బి, చూడి ఆవు పొట్టలా బయటికి వచ్చింది.

"అవ్వా, బడి పిల్లలు గీ గోడ పక్క నుంచే పోతరు. రేపు వానకు పడితె నేనేం జవాబు చెప్పాలె?" అంది సౌందర్య.

"ముప్పై ఏండ్ల సంది గట్లనే ఉన్నది బిడ్డా."

"పోయినేడు నేను చూసినప్పుడు గింత లేదు. నీ మీద కోపంతోని చెప్తలేను. వారం రోజులు టైమిస్త. ఆపై సోమవారం జేసీబీ వస్తది. ఆ లోపల ఎవలన్న బాగుచేసి, పడదని నాకు చూపిస్తె పేరు కొట్టేస్త."

ఆ సాయంత్రం రాధమ్మ ఫోన్ మోగింది. మాట బయటికి వినబడేలా పెట్టుకునే మాట్లాడుతుంది రాధమ్మ. పక్కనే మొగిలి కాళ్లు కడుక్కుంటున్నాడు.

"మీ ఆయన ఊరోళ్ల ఇండ్లన్ని లేపుతడట గదా. మా ఇల్లు కండ్లకు కనబడదా అని అడుగు" అంది ఉప్పలమ్మ.

"పొద్దుగాల్నే వస్తున్ననని చెప్పు" అన్నాడు మొగిలి.

"విన్న" అంది ఫోన్‌లో ఉప్పలమ్మ, కూతురితో.

మర్నాడు ట్రాలీ ఆటోలో ఆరు జాకీలు, మద్ది మొద్దులు, గొలుసులు వేసుకుని దిగాడు. వెంట రాధమ్మ, పనివాళ్లు నగేశ్, శ్యాం. ఇద్దరికీ ముప్పై దాటాయి, పదేళ్లుగా అతనితోనే ఉన్నారు. మొదటి రోజంతా మొగిలి ఏ పనీ చేసినట్టు కనబడలేదు. ఉలి పిడితో ఒక్కో మొగురాన్ని కింది నుంచి మీది దాకా తడుతూ, చెవి ఆనించి విన్నాడు. గట్టి కర్ర ఖణ్‌మంటుంది. పుచ్చిన కర్ర గుమ్మడికాయలా పలుకుతుంది. పన్నెండులో పదకొండు గట్టిగా ఉన్నాయి. పెద్ద అర్రలో నడిమి మొగురం, సరిగ్గా ఆ పేరున్న దూలాన్ని మోసేదే, అడుగున జానెడు మేర పొడి అయిపోయింది. అది మూడు వేళ్లు కుంగింది. దానితో దూలం కుంగింది, వాసాలు బయటికి తోశాయి, వాటి తోపుకు గోడ ఉబ్బింది.

మందు కూడా తెలిసిందే. దూలాన్ని జాకీల మీద లేపాలి, మొగురం కింద పుచ్చిన జానెడూ కోసేయాలి, ఆ ఎత్తుకు నల్లరాయి పీఠం దూర్చాలి. మళ్లీ చెద ఎక్కదు.

మూడు రోజులు సన్నాహాలకే పట్టింది. నేల తవ్వి, మొరం కొట్టి, జాకీలకు గట్టి అడుగు వేశారు. ఇక దూలం గీకడం మిగిలింది. దూలానికి నడిమి మొగురం పక్కన ఒక పొడవాటి పలక కొట్టి ఉంది. దాని మీద దేవుళ్ల పటాలు, చివర చనిపోయిన మామ ఫోటో. పలక తీయకుండా ఆ మేర గీకడం కుదరదు.

"పటాలు తీయొచ్చునా అడుగు" అన్నాడు మొగిలి రాధమ్మతో.

రాధమ్మ నోరు తెరిచే లోపే వంటింట్లోంచి జవాబు వచ్చింది. "దేవుండ్లను, మీ బాపును కదిలియ్యొద్దని చెప్పు. అవి ఉన్నకాడనే ఉండాలె."

వేరే ఇల్లయితే మొగిలి ఒప్పుకునేవాడు కాదు. పటాలు దించండి, లేకపోతే నన్ను పంపేయండి అనేవాడు. ఇక్కడ అనలేకపోయాడు. అల్లుడు. మామ ఫోటో. పైగా వాదించాలంటే ప్రతి మాటా రాధమ్మ నోటి మీదుగా పోయి రావాలి. ఒక్క మాను దూలం కదా, ఆ రెండు మూరలు చూడకపోతే ఏమవుతుందిలే అనుకున్నాడు.

శనివారం పొద్దున లేపడం మొదలుపెట్టారు. సంగీత డ్యూటీకి పోయింది. రాధమ్మ కూరగాయలకని గూడూరు ఆటో ఎక్కింది. మొగిలి నడిమి మొగురానికి ఆరడుగుల దూరంలో జాకీ దగ్గర కూర్చున్నాడు. నగేశ్ గోడ మూల జాకీ దగ్గర. శ్యాం బయట రోడ్డు మీద దారానికి గుండు కట్టుకుని, ఇల్లు ఎంత నిటారుకు వస్తోందో చూస్తూ కేకలు వేస్తున్నాడు. కేకల మధ్యలో ఆటోలను తప్పుకోమని తిట్లు.

రాడ్డు పావు చుట్టు తిప్పాలి, ఆగాలి, వినాలి. మళ్లీ పావు చుట్టు. కర్ర చిన్నగా మూలిగితే ఫరవాలేదు. టక్కుమంటే ఆపాలి. మొగిలి కళ్లు మూసుకుని వింటున్నాడు.

ఉప్పలమ్మ చాట పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆమె నిలబడ్డ చోటికి పలక అడుగు అంచు కనబడుతుంది. నాలుగో పావు చుట్టుకు పలక మేకు ఒకటి గోరంత బయటికి వచ్చింది. ఫోటో వెనక నుంచి సున్నపు పెచ్చు ఒకటి రాలింది. తర్వాత ఇంకొకటి, దాని పక్కనే, గీత గీసినట్టు వరసలో.

"ఓ రాధా" అంది. రాధమ్మ లేదు.

ఆమె భవంతి అవతల కట్టేసిన బర్రె వైపు తిరిగింది. "ఏమే బర్రె, జర ఆగుమని చెప్పరాదే. వింటున్నవా, ఆగుమని చెప్పు."

మొగిలికి అత్త గొంతు వినబడింది. బర్రె తాడు తెంపుకుంటున్నట్టుంది, దాన్ని ఆగమంటోంది అనుకున్నాడు. ఇంకో పావు చుట్టు తిప్పాడు.

"ఓ నగేశూ, మీ అన్నకు చెప్పు" అంది ఉప్పలమ్మ.

"ఏందవ్వా?" అన్నాడు నగేశ్. అదే సమయానికి బయట శ్యాం ఎవరో ఆటోవాడిని పేరుపెట్టి తిడుతున్నాడు. ఏమీ వినబడలేదు.

మొగిలి మళ్లీ రాడ్డు మీద చేయి వేశాడు. ఉప్పలమ్మ చాట కింద పెట్టి, ఐదడుగులు నడిచి, అల్లుడికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"మొగిలీ, తిప్పకు."

మొగిలి చేయి అక్కడే ఆగిపోయింది. అన్నను తేలు కుట్టిందనుకున్నానని నగేశ్ తర్వాత అందరికీ చెప్పాడు. ఉప్పలమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని నేలవైపు చూస్తూ నిలబడింది. అల్లుడి పేరు నోట వచ్చిందని అప్పుడు తెలిసినట్టుంది.

"ఏంది అత్తమ్మా?"

"అది ఒక్క మాను గాదు. అతుకు. మీ మామ ఫోటో ఎనుక."

మొగిలి రాడ్డు వెనక్కి తిప్పాడు. జాకీని ఎంత మెల్లగా ఎక్కించాడో అంతకంటే మెల్లగా దించాడు. ఉప్పలమ్మ తనే నిచ్చెన తెచ్చి, ఒక్కో పటం తీసి మంచం మీద పెట్టింది. పలక ఊడదీశాక మసి గీకి చూశాడు. మూరన్నర పొడవున రెండు దూలపు ముక్కలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా కూర్చుని ఉన్నాయి. వాటిని కలుపుతూ నాలుగు చెక్క చీలలు. అతుకు పై అంచు అప్పటికే పెదవిలా, రూపాయి బిళ్ల దూరేంత తెరుచుకుంది. తను పెట్టిన జాకీకీ మొగురానికీ సరిగ్గా మధ్యలో ఉంది అతుకు. ఇంకో రెండు చుట్లు తిప్పి ఉంటే అది విడిపోయేది. సోమవారం జేసీబీకి పని మిగిలేది కాదు.

మొగిలి నిచ్చెన దిగి మొద్దు మీద కూర్చున్నాడు. ఉప్పలమ్మ గుమ్మం దాకా వెనక్కి నడిచి, మళ్లీ ఏమనుకుందో తిరిగి వచ్చింది.

"మీ వోళ్లు పిల్లను చూసెతందుకు వచ్చే ముందటి వారం, పెంక సర్దంగ దూలం ఇరిగింది" అంది. "ఇల్లు ఇరిగినోళ్ల పిల్లను ఎవలు చేసుకుంటరని మీ మామ పరేషాన్. మానుకోట నుంచి వడ్లాయనను తెచ్చి మూడు రోజుల్ల అతికిచ్చిండు. అతుకు మీద మసి పూసినం. పలక కొట్టి దేవుండ్లను పెట్టినం. దేవుండ్ల ఎనుక ఎవలు చూస్తరు?"

"మా నాయిన ఆ దూలం చూసే సంబంధం ఖాయం చేసిండు" అన్నాడు మొగిలి. "ఊరికి వచ్చినంక నెల రోజులు దాని ముచ్చటే. ఒక్క మాను, ఒక్క మాను అని."

"నాకు తెల్వదా? చాయ తాక్కుంట దాని కిందనే కూసున్నడు. మీ మామకు చెమటలు పట్టినయి."

మొగిలికి నవ్వు వచ్చింది. ఆపుకోవాలని చూశాడు, కుదరలేదు. "నవ్వుతవేంది" అంది ఉప్పలమ్మ. అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కూడా ఊగుతున్నాయి.

తర్వాత మొగిలి నిచ్చెన ఎక్కి ఆ అతుకును చాలాసేపు చూశాడు. జాకీ తెరిచిన పెదవి తప్పిస్తే, మిగతా గీతలో గోరు కూడా దిగదు. చీలలు చెక్కతో చేసినవి, ఎండ కట్టెతో. కొట్టాక గాలి తేమకు అవి ఉబ్బి పట్టుకుంటాయి. అవి ఇరవై రెండేళ్లుగా బరువు మోస్తున్నాయి. మూడు రోజుల్లో, దాచిపెట్టడానికి చేసిన పని అది. చేసిన మనిషి మాత్రం ఎవరూ చూడరని ఎక్కడా తక్కువ చేయలేదు.

"చేసినాయన పేరేంది?"

"పేరు యాదికి లేదు. చాయ మీద చాయ అడిగెటోడు. చక్కెర తక్కువైతె పని ఆపెటోడు."

"పోసిన చాయకు తగ్గ పనే చేసిండు" అన్నాడు మొగిలి.

పని మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాడు. అతుకు కిందుగా, దానికి రెండు వైపులా మూరెడు మిగిలేలా మద్ది మొద్దు దూలం వెంబడి ఆనించాడు. మొద్దుకు ఈ చివర ఒక జాకీ, ఆ చివర ఒక జాకీ. రెండూ కలిసి లేస్తే అతుకు మీద బరువు పడదు. ఒకటి ముందు, ఒకటి వెనక అయితే మళ్లీ పెదవి తెరుచుకుంటుంది. కనుక ఎవరో ఒకరు అతుకు మీదే కన్ను పెట్టి ప్రతి పావు చుట్టుకూ చెప్పాలి. నగేశ్ రెండో జాకీ దగ్గర ఉండాలి. శ్యాం రోడ్డు వదిలి రావడానికి లేదు.

"అత్తమ్మా, మీరే చూడాలె."

ఉప్పలమ్మ చీర చెంగు బిగించి నిచ్చెన మూడో మెట్టు ఎక్కింది. అతుకు సందులో చూపుడువేలి గోరు ఆనించి పెట్టింది.

"మూసుకుంటాంది. ఆగు. నగేశ్ దిక్కు ఎక్కువైంది, నువ్వు జర లేపు. గంత గాదు, గంత గాదు. చాలు."

రాధమ్మ కూరగాయల సంచితో వచ్చేసరికి ఇదీ వరస. సంచి చేతిలో ఉండగానే గుమ్మంలో నిలబడిపోయింది.

"అవ్వా, ఎవలతోని మాట్లాడుతున్నవు?"

"నువ్వు ఊరి మీద తిరిగితె ఇగ ఎవలు చెప్పాలె? పక్కకు జరుగు, వెలుతురు ఆగుతాంది" అంది ఉప్పలమ్మ.

మధ్యాహ్నానికి దూలం మూడు వేళ్లు లేచింది. పెదవి మూసుకుంది. మొగిలి పాత చీలల పక్కన ఇంకో రెండు కొట్టాడు. మొగురం అడుగున పుచ్చిన జానెడూ కోసి, రాతి పీఠం దూర్చి, జాకీలు దించాడు. దూలం మొగురం మీద కూర్చుంది. బయట శ్యాం దారం పట్టుకుని, "అన్నా, నిటారు" అని అరిచాడు.

ఇల్లు నిటారుకు వచ్చింది కానీ గోడ రాలేదు. మట్టి గోడ ఒకసారి ఉబ్బితే వెనక్కి పోదు. సౌందర్య భయపడింది గోడ గురించే. ఆదివారం పొద్దున మొగిలి గడ్డపారలు బయటికి తీయించాడు.

"ఏం జేస్తున్నవు?" అంది ఉప్పలమ్మ. ఇప్పుడు మూడో మనిషి అక్కర్లేదు.

"గోడ తీసేస్త."

"గోడ తీస్తె ఇల్లేమున్నది?"

"ఇల్లంత ఉంటది. గోడ ఒక్కటే ఉండది."

ఆమె ఒప్పుకోలేదు. రాధమ్మ చెప్పినా, డ్యూటీ నుంచి వచ్చిన సంగీత చెప్పినా వినలేదు. చివరికి మొగిలి గోడ అడుగున పొయ్యి నోరంత రంధ్రం చేసి, "చూడుండ్రి" అన్నాడు. ఉప్పలమ్మ వంగి ఇవతల నుంచి రోడ్డు చూసింది. తల ఎత్తి కప్పు చూసింది. రంధ్రం తలుపంత చేయించింది. మళ్లీ కప్పు చూసింది. "సరే, తియ్యి" అని, తన మంచం మాత్రం భవంతిలోకి మార్చుకుంది. సాయంత్రానికి గోడ మొత్తం పెరట్లో మట్టి కుప్ప అయింది. ఆ మట్టినే తడిపి మళ్లీ వాడొచ్చు.

సోమవారం తొమ్మిదింటికి జేసీబీ వచ్చింది. ముందు స్కూటీ మీద సౌందర్య. రోడ్డు మీద నుంచి చూస్తే ఇల్లు లోపలి దాకా కనబడుతోంది. మొగురాలు వరసగా నిలబడ్డాయి, వాటి మీద దూలం, పైన చెక్కుచెదరని పెంకులు. కింద ఉప్పలమ్మ కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"మేడం, వీళ్లే కూలగొట్టుకున్నట్టున్నరు. నన్నెందుకు పిలిచిండ్రు?" అన్నాడు జేసీబీ డ్రైవర్.

సౌందర్య గుమ్మం దాకా పోవలసిన పని లేకపోయింది. గోడ ఉన్నచోటు నుంచే లోపలికి వచ్చింది. మొగిలి లేచి ఎదురు వచ్చాడు. గుండు కట్టిన దారం ఆమె చేతికి ఇచ్చాడు. ఆమె ఒక్కో మొగురం దగ్గర దారం వేలాడదీసి చూసింది. పన్నెండూ చూసింది. నడిమి మొగురం దగ్గర రెండుసార్లు చూసింది. రాతి పీఠాన్ని చెప్పుతో తట్టింది.

"అన్నా, ఇంత కప్పు గీ కర్రల మీదనేనా?"

"మొదటి సంది గీ కర్రల మీదనే మేడం."

సౌందర్య పట్టిక తీసి కలం తెరిచి ఆగింది. "గోడ పడుతదని రాసిన. ఇప్పుడు గోడనే లేదు. ఏమని రాయాలె?"

"ఇల్లున్నదని రాయి బిడ్డా" అంది ఉప్పలమ్మ.

సౌందర్య నవ్వి, పేరు మీద గీత కొట్టి, ఆ మాటే పక్కన రాసింది. జేసీబీ వెనక్కి తిరగడానికి చోటు లేక, ఊరి చివరి దాకా పోయి తిరిగి వచ్చింది. వచ్చేటప్పుడు డ్రైవర్ ఆపి, తన మేనమామ ఇల్లు కూడా ఒరిగిందని చెప్పి మొగిలి నంబరు తీసుకున్నాడు.

మట్టి గోడ ఒక్కసారిగా లేవదు. మోకాలెత్తు పెట్టి, రెండు రోజులు ఆరనిచ్చి, ఆపైన మళ్లీ పెట్టాలి. ఆ రోజుల్లో ఉప్పలమ్మ రోడ్డుకు ఎదురుగా కూర్చునే పనులు చేసుకుంది. ఏ ఆటో ఎన్నింటికి గూడూరు పోతుందో, ఎవరి కోడలు ఎన్నింటికి నీళ్లకు పోతుందో ఆమెకు లెక్క దొరికింది. దారిన పోయేవాళ్లు ఆగి మొగురాలను చూసి, చాయ తాగి పోయారు. గోడ నడుమెత్తుకు వచ్చేసరికి ఆమె పనివాళ్లను ఆపింది.

"ఇక్కడ కిటికీ పెట్టాలె."

"ఎక్కడనైన పెట్టొచ్చు అత్తమ్మా. బరువు గోడ మీద లేదు" అన్నాడు మొగిలి. పాత దర్వాజా కర్రతో రెండు రోజుల్లో కిటికీ చట్రం చేసి, గోడ ఇంకాస్త లేచాక నిలబడిన మనిషి కంటి ఎత్తుకు కూర్చోబెట్టాడు. నునుపుగా చిత్రిక పట్టాడు కూడా.

ఉప్పలమ్మ దాని ముందు చాప వేసుకుని కూర్చుని చూసింది.

"మొగులు కనబడతాంది" అంది. "నాకు మొగులెందుకు? నేను చింతపండు తీసేది నిలబడి గాదు గదా. నువ్వే కూసోని చూడు."

మొగిలి చెక్కపొట్టు దులుపుకుని చాప మీద ఆమె పక్కనే కూర్చున్నాడు. నిజమే, ఆకాశం, కరెంటు తీగ తప్ప ఏమీ కనబడలేదు. రోడ్డు మీద ఆటో పోయిన చప్పుడు వినబడింది. ఎవరిదో తెలియలేదు.

"ఎంత దించాలె?"

ఉప్పలమ్మ గోడ మీద చేయి పెట్టి చూపించింది. మొగిలి లేచి ఉలి తీసుకున్నాడు.